నేను తీసేసిన చుక్కలు

క్లాసుకు వెళ్ళేముందు నేను ప్రతిసారీ రెండుసార్లు బాత్రూంకి వెళ్ళేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాదు, ఆఖరి ఏడేళ్ళలో. అంతకుముందు ఇరవై నాలుగేళ్ళు డెబిట్, క్రెడిట్, బ్యాలెన్స్ షీటు చెప్పాను. ఆ పాఠాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. యాభై దాటాక ఒక కొత్త సబ్జెక్టు వచ్చి నెత్తిన పడింది. అప్పటినుంచి రిటైరయ్యే దాకా నాకు భయం తప్ప ఇంకోటి తెలియదు.

ఈ మధ్య మన వైపు డిగ్రీ కాలేజీల్లో ఫైనాన్షియల్ డేటా ఎనలిటిక్స్ చెప్పడానికి చేరుతున్న కుర్ర లెక్చరర్లు ఫోన్ చేసి, ఎలా మొదలుపెట్టాలి మేడమ్ అని అడుగుతున్నారు. ఏ పుస్తకం చదవాలో, ఏ ప్రోగ్రాం దించుకోవాలో మీకు నాకన్నా బాగా తెలుసు. నాకు తెలిసింది భయం గురించే కాబట్టి అదే రాస్తాను. ప్రమోషన్లు, బదిలీలు, తనిఖీలు రాయను. అవి అందరి జీవితాల్లోనూ ఒకలాగే ఉంటాయి, చదివితే ఆవలింతలు వస్తాయి.

కోదాడ మాస్టారు

నా మొదటి ఉద్యోగం కోదాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. అక్కడ మా కామర్స్ హెడ్డు వెంకటేశ్వర్లు గారు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసే మనిషి. నాకు ఆయనంటే అస్సలు పడేది కాదు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుండేవి, ఒక్కటీ రాసేది కాదు, నా పెన్ను అడిగి తీసుకుని తిరిగి ఇచ్చేవారు కాదు.

ఒకరోజు క్లాసులో ఒక అమ్మాయి లేచి, వ్యాపారంలో కొత్త భాగస్వామి చేరినప్పుడు ఫలానా లెక్క అలాగే ఎందుకు వేయాలి అని అడిగింది. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాక, అప్పటికప్పుడు ఏదో ఒక కారణం కల్పించి చెప్పాను. ఆయన కిటికీ బయట నిలబడి విన్నారు. స్టాఫ్ రూంలోకి రాగానే మొదలుపెట్టారు.

"ఏమ్మా, ఆ అమ్మాయి అడిగింది నీకు తెలియదు కదూ?"

నేను తల దించుకున్నాను.

"మరి తెలియదని చెప్పొచ్చుగా. పిల్లలేమన్నా నిన్ను కొరుక్కుతింటారా? నువ్వు అబద్ధం చెబితే వాళ్ళు అది నిజమనుకుని పరీక్షలో రాస్తారమ్మా. నీ తప్పు వాళ్ళ చేతిరాతలో కనబడుద్ది."

మర్నాడు నాచేత క్లాసులో, నిన్న నేను చెప్పింది తప్పు అని చెప్పించారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఏడాది చివర సూర్యాపేటలో ఉద్యోగం దొరకగానే, పీడ విరగడైందనుకుని పెట్టె సర్దుకున్నాను. ఆ మాట గుర్తుకు రావడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఎర్ర అక్షరాలు

సూర్యాపేటలో మా ప్రిన్సిపాల్ గారు ఒక మధ్యాహ్నం పిలిచారు. టేబుల్ మీద యూనివర్సిటీ నుంచి వచ్చిన కొత్త సిలబస్ ఉంది.

"మేడమ్, ఈ సబ్జెక్టు మీరే చెప్పాలె. వేరే మనిషి లేడు."

"నాకు కంప్యూటర్‌లో టైపు చేయడం తప్ప ఏమీ రాదు సార్."

"నాకు అదిగూడ రాదు. నేను ప్రిన్సిపాల్‌గిరి చేస్తలేనా?"

 మూడు వారాల శిక్షణకు యూనివర్సిటీకి పంపారు. ల్యాబులో నా పక్కన కూర్చున్నవాళ్ళంతా ముప్ఫై లోపు వాళ్ళు. చెప్పే అతను మా అమ్మాయి ఈడువాడు. పైథాన్ అన్నారు, కంప్యూటర్‌కు పని చెప్పే భాషట. లైను చివర రెండు చుక్కలు పెట్టకపోతే తెర మీద ఎర్రర్ అంటూ ఎర్ర అక్షరాలు వచ్చేవి. నాలుగు ఖాళీలు వదలాల్సిన చోట మూడు వదిలితే మళ్ళీ ఎర్ర అక్షరాలు. ఆ ఎరుపు కనబడగానే వెనక్కి తిరిగి ఎవరైనా చూశారా అని చూసుకునేదాన్ని.

అందుకని ఒక ఉపాయం పట్టాను. రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, ఆయన కొట్టే ప్రతి లైనూ అందులో చేత్తో రాసుకునేదాన్ని. ఆయన చెప్పే మాటలు కాదు, కొట్టే లైన్లు. ఎందుకంటే మాటలు వింటూ కూర్చుంటే లైను దాటిపోతుంది, దాటిపోతే అందుకోలేను. రాత్రింబవళ్ళు వాటిని ఎక్కాల్లాగా బట్టీపట్టాను. నాకు పైథాన్ ఇలా వచ్చింది. దీన్ని రావడం అనొచ్చో లేదో మీరే తేల్చుకోండి.

మొదటి క్లాసులోనే, ప్రొజెక్టర్ మీద, యాభై మంది పిల్లల ముందు ఎర్ర అక్షరాలు పడ్డాయి. "ఈ సిస్టమ్ ఎవరు ముట్టుకున్నారు?" అని గద్దించాను. ఎవరూ ముట్టుకోలేదు. ఒక అబ్బాయి మెల్లగా లేచి, "మేడమ్, బ్రాకెట్ మూయలే" అన్నాడు. "నీకేం తెలుసు, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాక చూస్తే నిజంగానే బ్రాకెట్ మూయలేదు. చప్పుడు కాకుండా మూసి పాఠం కొనసాగించాను.

ఆ మాట అలా నా నోట్లో చేరి అక్కడే స్థిరపడింది. పిల్లలు నాకు కూర్చో మేడమ్ అని పేరు పెట్టారని మూడేళ్ళ తర్వాత తెలిసింది. నవ్వి ఊరుకున్నాను. క్లాసు క్రమశిక్షణలో ఉందనే అనుకున్నాను. భయపడే మాస్టారు క్లాసు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది, దాన్ని గౌరవమనుకునేరు.

మౌనిక ప్రాజెక్టు

మౌనిక వేములపల్లి దగ్గర ఒక ఊరి అమ్మాయి, సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదివేది. వాళ్ళ నాన్న లింగయ్యకు గొర్రెల మంద ఉంది. వరి కోతలయ్యాక కాల్వ కింది పొలాల్లో మందను మేపుతాడు, ఎరువు కోసం రైతులు మడుల్లో మంద పెట్టించుకుంటారు. ఆ పిల్ల మూడో వరసలో గోడ పక్కన కూర్చునేది. మాట తక్కువ, చేతిలో మాత్రం విద్య ఉంది. నేను బట్టీపట్టి చెప్పినదాన్ని ఆమె అర్థం చేసుకుని చేసేది. నిజం చెప్పాలంటే నాకు ఆమె అంటే కూడా భయమే.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు నా పాత విద్యార్థి శ్రీధర్ సాయం చేశాడు. అతను మిర్యాలగూడలో ఒక చిన్న ఫైనాన్స్ కంపెనీకి మేనేజరు. చిన్న రైతులకు, కిరాణా కొట్లకు, గొర్రెలు పెంచేవాళ్ళకు అప్పులిస్తారు. రెండేళ్ళ లెక్కలు ఇచ్చి, ఎవరు తిరిగి కడతారో, ఎవరు ఎగ్గొడతారో ముందే చెప్పే ప్రోగ్రాం కావాలన్నాడు. మా కాలేజీ నుంచి అంతటి పని ఎప్పుడూ పోలేదు. ప్రిన్సిపాల్ గారు ఇద్దరికి చెప్పి, ఆ ఇద్దరూ ఇరవై మందికి చెప్పేలా చూసుకున్నారు.

ఈ పనిలో మొదటి మెట్టు డేటాను శుభ్రం చేయడం. ప్రతి చెల్లింపునూ తెర మీద ఒక చుక్కగా వేశాం. చుక్కలన్నీ కింద గుంపుగా ఉన్నాయి. కొన్ని మాత్రం వాటన్నిటికీ దూరంగా, చాలా పైన ఉన్నాయి. నెలకు రెండు మూడు వేలు కట్టేవాళ్ళ మధ్య ఒక్కసారే లక్ష, లక్షన్నర. నా నోట్‌బుక్ తీశాను. యూనివర్సిటీలో రాసుకున్న పేజీలో, దూరంగా ఉన్నవి తీసేయాలి అని ఉంది, కింద అందుకు కొట్టాల్సిన లైను ఉంది.

"సున్నాలు ఎక్కువ కొట్టి ఉంటారు. తీసెయ్యి" అన్నాను.

మౌనిక వేళ్ళు కీబోర్డు మీద కాసేపు ఆగాయి. ఏమీ అనలేదు. తర్వాత లైను కొట్టింది. చుక్కలు మాయమయ్యాయి, బొమ్మ చక్కగా సర్దుకుంది. నాకు ప్రాణం తేలికపడింది. ఎర్ర అక్షరాలు రాలేదు.

ప్రోగ్రాం తయారయ్యాక పరీక్షించి చూశాం. నూటికి తొంభైకి పైగా సరిగ్గా చెప్పింది. శ్రీధర్ సంతోషం పట్టలేక మౌనికకు తన ఆఫీసులోనే ఉద్యోగం ఇచ్చాడు. జూన్లో ఆమె చేరింది, ప్రోగ్రామూ ఆమెతో పాటే చేరింది. నేను ఆగస్టులో రిటైరవ్వాలి. ఇంతకన్నా మంచి ముగింపు ఏముంటుందని అనుకున్నాను.

ఎర్రర్ రాని తప్పు

జూలైలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఉండగా మౌనిక ఫోన్ చేసింది. గొంతు చాలా చిన్నగా ఉంది.

"మేడమ్, అప్పు ఇయ్యొద్దన్న లిస్టు వచ్చింది. దాంట్ల మా నాయిన పేరున్నది."

"సరిగ్గా చూశావా?"

"సూసిన మేడమ్. గొర్లోళ్ళందరి పేర్లున్నయి. ఒక్కరుగూడ తప్పలే. మా నాయిన ఇప్పటిదాంక ఒక్క రూపాయి ఎగ్గొట్టలే మేడమ్. నెలనెల కట్టడు గని, గట్టు జాతరకు పొట్టేళ్ళు అమ్మంగనే మొత్తం ఒక్కపాలి కడ్తడు. అందరు గంతే."

ఆ మాట చెవిన పడగానే నాకు అర్థమైపోయింది. అయినా అడిగాను. "శ్రీధర్‌కు చెప్పావా?"

"నేనెట్ల జెప్పాలె మేడమ్? చేరి నెల గూడ సరిగ కాలే. వాళ్ళ నాయిన కోసం లెక్క మారుస్తున్నదంటరు. మీరు చెప్తే వింటడు. జర జల్ది చెప్పుండ్రి మేడమ్. నాయిన గొర్రెపిల్లలకు బయానా ఇచ్చిండు. ఆయితారం దాంక మిగిలిన పైసలు కట్టాలె. కట్టకపోతే తల్లి గొర్లను అమ్ముతనంటున్నడు."

బయానా అంటే అడ్వాన్సు, ఇచ్చాక మాట తప్పకూడదు. కానీ తల్లి గొర్రెలంటే మందకు మూలం. ఏటా పిల్లలు వాటినుంచే రావాలి. అవి పోతే మంద పోయినట్టే. ఆ సంగతి నాకు తెలుసు. "చూస్తాను" అని ఫోన్ పెట్టేశాను.

ల్యాప్‌టాప్ తెరిచి, తీసేసిన చుక్కల్ని మళ్ళీ పెట్టి, ఈసారి వాటి తేదీలు చూశాను. అన్నీ మాఘమాసమే. అన్నీ గొర్రెలవాళ్ళవే. సూర్యాపేట పక్కన పెద్దగట్టు మీద రెండేళ్ళకోసారి జరిగే జాతర నెల అది. అప్పుడు ఈ చుట్టుపక్కల పొట్టేళ్ళకు ఉండే ధర మరెప్పుడూ ఉండదు. వాళ్ళు రెండేళ్ళ అప్పు ఒక్క నెలలో తీర్చారు, నేను ఆ ఒక్క నెలనే తీసేశాను. కట్టిన డబ్బు పోయి, కట్టని నెలలే మిగిలాయి. గొర్రెలవాడంటే ఎగ్గొట్టేవాడని ప్రోగ్రాం నేర్చుకుంది. నూటికి తొంభై అన్నది కూడా అంతే. ప్రశ్నలూ జవాబులూ నేనే రాసుకుని నేనే దిద్దుకున్నట్టు.

ఇది చూడటానికి పది నిమిషాలు పట్టలేదు. ఆ పది నిమిషాల్లో తెర మీద ఒక్క ఎర్ర అక్షరం లేదు. ఏడేళ్ళు నేను ఎరుపుకు భయపడ్డాను, అది పాపం బ్రాకెట్ మూయమని చెప్పేది. అసలు తప్పుకు ఏ రంగూ లేదు.

పదకొండు రోజులు

ఇక్కడ మీరు నన్ను గౌరవించడం మానేస్తారు. మానేయండి, కానీ చదవండి.

ఆ రోజే శ్రీధర్‌కు ఫోన్ చేయాలి. చేయలేదు. నా వీడ్కోలు సభకు అతన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. మా కాలేజీ ప్రాజెక్టు బయట వాడకంలో ఉందని ప్రిన్సిపాల్ గారు యూనివర్సిటీకి రాశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం చివర, ఇంకో నెలలో శాలువా కప్పుతారనగా, నాకు ఈ సబ్జెక్టు రాదని నేనే వెళ్ళి చెప్పాలా?  అన్నం సయించేది కాదు. బీపీ మాత్ర వేసుకున్నావా అని మా ఆయన రోజూ అడిగేవారు. వేసుకున్నానని చెప్పేదాన్ని. ఆయనకు కూడా అసలు సంగతి చెప్పలేదు.

నాలుగో రోజు ఒక పిరికి పని చేశాను. ప్రోగ్రాంలో చిన్న మార్పు ఉంది, వీలున్నప్పుడు మాట్లాడదాం అని శ్రీధర్‌కు మెసేజ్ పెట్టాను. చిన్న మార్పు! అతను రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. ఆ బొమ్మ చూసి నా పని అయిపోయిందని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆదివారం వచ్చింది, వెళ్ళింది. మౌనిక మళ్ళీ ఫోన్ చేయలేదు. ఆమె చేయకపోవడం నాకు హాయిగా ఉండింది, నిజం అదే.

పదకొండో రోజు ఇంటర్నల్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. డేటాను శుభ్రపరిచే పద్ధతి రాయండి అన్నది ప్రశ్న. మొదటి పేపర్లో, దూరంగా ఉన్నవి తీసేయాలి అని ఉంది. రెండో దాంట్లోనూ అదే. మూడోది, నాలుగోది, పదోది. అచ్చం నా మాటలు, కింద రాసిన లైనుతో సహా. యాభై చేతిరాతల్లో నా తప్పు. కోదాడ స్టాఫ్ రూంలో వెంకటేశ్వర్లు గారి గొంతు అప్పుడు వినిపించింది నాకు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది.

యూనివర్సిటీలో పాఠం చెప్పిన ఆ కుర్రాడు నిజంగా ఏం చెప్పాడో కూడా అప్పుడే గుర్తొచ్చింది. దూరంగా ఉన్నది కనిపిస్తే ముందు చూడండి, ఎందుకుందో తెలిసినవాళ్ళని అడగండి, తప్పని తేలితేనే తీయండి అన్నాడు. నేను లైను ఎక్కడ దాటిపోతుందోనన్న భయంతో చివరి ముక్క ఒక్కటే రాసుకున్నాను. పెన్ను మూసి, పేపర్లు అలాగే వదిలేసి, మిర్యాలగూడ బస్సెక్కాను.

మిర్యాలగూడ

రైలు స్టేషన్ దారిలో ఒక మెడికల్ షాపు పైన శ్రీధర్ ఆఫీసు. కింద రైసు మిల్లులకు వెళ్ళే లారీలు వరస కట్టి ఉన్నాయి, గాల్లో ఊక వాసన. మెట్లు ఎక్కుతుంటే రెండుసార్లు ఆగాను. ఆయాసం వల్ల కాదు.

"ఫోన్ చేస్తే నేనే వస్తుంటిని గద మేడమ్" అంటూ శ్రీధర్ కుర్చీ తుడిచి వేశాడు. కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

మొదట నవ్వాడు. "గంతేనా మేడమ్, సరిచేద్దాం తియ్యిండ్రి."

"ఇప్పటిదాకా ఎంతమందికి లేదని చెప్పారు?"

అతని నవ్వు ఆగిపోయింది. "గొర్ల మీద ఇచ్చేటియి అన్ని ఆపినం. ఇరవై మూడు ఇండ్లు." లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. "మేడమ్, ఇది బయటికి రావద్దు. పైనోళ్ళకు నేనేం జెప్పాలె? నా నౌకరి ఖతం."

"నా తప్పని చెప్పు. రాసిస్తాను." తెల్ల కాగితం అడిగి తీసుకుని, డేటాలో తప్పు చేసింది నేనని, మౌనికకు సంబంధం లేదని తెలుగులో రాసి సంతకం పెట్టాను. అప్పుడు అడగకుండా ఉండలేకపోయాను. "శ్రీధర్, నువ్వు ఈ ఊరివాడివే. వాళ్ళు జాతరకు కడతారని నీకు తెలియదా?"

"ఎరుకనే మేడమ్. ఎందుకు ఎరుక లేదు?" అన్నాడు తల దించుకుని. "గని మీరు చేయించిన్రు, మిషన్ చెప్పింది. నాకంటె ఎక్కువ తెలుసనుకున్న."

రెండు రోజుల్లో లిస్టు మళ్ళీ తీసి అందరికీ అప్పు ఇస్తానని మాటిచ్చాడు. ఇచ్చాడు కూడా. కిందికి దిగేసరికి టీ కొట్టు దగ్గర మౌనిక, ఆమె పక్కన తెల్ల తలపాగా చుట్టుకున్న ఒక మనిషి ఉన్నారు. లింగయ్యే. అప్పు సంగతి ఇంకోసారి అడిగిపోదామని వచ్చాడట.

"నమస్తె మేడమ్. మా బిడ్డ ఎప్పుడు మీ ముచ్చటే చెప్తది."

"లింగయ్య గారూ, అప్పు వస్తుంది. రెండు రోజుల్లో వచ్చేస్తుంది. మాట్లాడాను" అన్నాను గబగబా.

ఆయన చిన్నగా నవ్వాడు. "ఇగ ఎందుకు మేడమ్? ఆయితారమే తల్లి గొర్లను కోదాడ బేరగానికి ఇచ్చేసిన. ముప్ఫై జీవాలు. బయానా ఇచ్చినంక మాట తప్పొద్దు గద." నా మొహం చూసి ఆయనే ఓదార్చబోయాడు. "మీరేం జేస్తరు మేడమ్? మిషన్ గట్ల జెప్పింది."

ఆ మాటతో తప్పించుకోవచ్చు. ఒక్క క్షణం తప్పించుకుందామనే అనిపించింది. "మిషన్ కాదు, నేనే" అన్నాను. "మాఘంలో మీరు కట్టిన డబ్బులు లెక్కలోంచి తీసేయించింది నేను."

"కట్టిన పైసలు తీసేసిన్రా? ఎందుకు?"

"చాలా పెద్దగా కనిపించాయి. తప్పుగా రాశారేమో అనుకున్నాను."

లింగయ్య కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. "ఇన్నేండ్ల సంది సూర్యాపేటల్నే ఉంటిరి గద మేడమ్. గట్టు జాతర మీకు ఎరుక లేదా?"

ఎరుక లేకేం. జాతర వచ్చినప్పుడల్లా హైవే మీద బస్సుల్ని పక్కదారి పట్టిస్తారని విసుక్కునేదాన్ని. మా డాబా మీద నిలబడితే ఓ లింగా అని అరుస్తూ వెళ్ళే బండ్లు కనిపించేవి. కాలేజీకి సెలవు ఎన్ని రోజులిస్తారో ముందే కనుక్కునేదాన్ని. అన్నీ తెలుసు. ఆ తెలిసినదాన్ని తెర ముందు కూర్చున్నప్పుడు ఎందుకో ఇంటి దగ్గరే వదిలి వచ్చేదాన్ని.

బస్టాండులో

మౌనిక నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. సూర్యాపేట బస్సుకు ఇంకా టైముంది. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. నా తప్పు ఒప్పుకున్నాను, కాగితం రాసిచ్చాను, కానీ లోపల ఒక చిన్న ముల్లు మిగిలింది. అది తప్పు పంచుకోవాలనే ఆశ అని ఇప్పుడు తెలుస్తోంది.

"మౌనికా, ఆ రోజు తీసెయ్యమన్నప్పుడు అవి జాతర డబ్బులని నీకు తెలుసు కదమ్మా. ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. ఎందుకు చెప్పలేదు?"

ఆమె ఆశ్చర్యంగా నా వైపు తిరిగింది.

"చెప్పిన గద మేడమ్."

"ఎప్పుడు?"

"అప్పుడే. ఇవి జాతర పైసలు మేడమ్, మా నాయినయి గూడ ఉన్నయి అన్న. నీకేం తెలుసు, కూర్చో అన్నరు మీరు. కూసున్న."

పైన ప్రాజెక్టు గురించి రాసేటప్పుడు మౌనిక ఏమీ అనలేదని రాశాను. కావాలనే మార్చకుండా ఉంచాను. ఈ రోజుకీ నాకు అలాగే గుర్తు. ఆ పిల్ల వేళ్ళు ఆగడం గుర్తుంది, కీబోర్డు చప్పుడు గుర్తుంది, ఆమె మాట మాత్రం నా చెవిలో లేదు. ఆ పిల్ల అబద్ధం చెప్పదు. తెర మీద చుక్కలు తీసేసినట్టే ఆ మాటనూ తీసేశాను కాబోలు. ఏడేళ్ళలో ఇంకెంతమంది ఏమేం చెప్పారో, నేను ఎంతమందిని కూర్చోబెట్టానో బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటి దాకా లెక్కపెడుతూనే ఉన్నాను.

ఆగస్టు ఆఖరున వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు. శ్రీధర్ వచ్చి వేదిక మీద నా గురించి మంచి మాటలే చెప్పాడు, ఆ కాగితం సంగతి ఎత్తలేదు. నేనే నా వంతు వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రిన్సిపాల్ గారు నేల చూపులు చూశారు. పిల్లలు మామూలుగానే నిశ్శబ్దంగా ఉన్నారు.

తర్వాత పాత విద్యార్థులు మాట్లాడవచ్చని మైకు కిందికి పంపారు. అది చేతులు మారుతూ మారుతూ మూడో వరసలో గోడ పక్కకు చేరింది. మౌనిక మైకు పట్టుకుని లేచింది. నా వైపు చూసింది. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ లేనంత భయం నాకు ఆ క్షణంలో వేసింది, ఆమె ఏం చెబుతుందోనని. అయినా నోరు పెగల్చుకుని, "చెప్పమ్మా" అన్నాను.

"ఏం లేదు మేడమ్" అని ఆ పిల్ల కూర్చుంది.